తడి ఆరని పలక

ఎస్సై ఓబులయ్య జీపు నాలుగింటికి వస్తుంది. నేను ఆ ఆఫీసు మెట్లెక్కేసరికి మూడూ పద్దెనిమిది. కమ్రున్నీసాను పోలీసులు తీసుకుపోకుండా ఆపడానికి నా దగ్గరున్నది నలభై రెండు నిమిషాలు. అందులో రెండు నిమిషాలు మెట్ల మీదే నిలబడి కోపం దిగమింగడానికి ఖర్చుపెట్టాను.

కోపం పొద్దున బోడుపల్లెలో మొదలైంది. పుల్లలచెరువు అవతల, అడవి అంచున నలభై ఇళ్ల ఊరు అది. ఆదివారం, సోమవారం అక్కడికి నీళ్ల ట్యాంకరు రాలేదు. మూడో రోజు తెల్లవారగానే పోలయ్య అనే మేకల కాపరి బిందె పట్టుకుని, పాడుబడిన పలకల గనిలోకి దిగాడు. గని అడుగున గుంటలో కాస్త నీళ్లు మిగిలి ఉన్నాయట. కాలికింద రాయి జారింది. అంతే. అతని భార్య అంకాలమ్మను ప్రశ్నలు అడగడానికి పోయాను. నన్నే ఒక మాట అడిగింది, ట్యాంకరు ఎందుకు రాలేదమ్మా అని. పోలీసు డిపార్టుమెంటులో పన్నెండేళ్లు పనిచేశాను. బయటికొచ్చి ఎలీషబా పరిశోధన అని బోర్డు పెట్టుకుని నాలుగేళ్లు. ఇంత చిన్న ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ ఊరు దాటడం నాకు అదే మొదలు.

జవాబు ఈ మేడ మీద ఉంది. కింద పలకల గోదాము, పైన ఎనిమిది మంది కూర్చుని ప్రోగ్రాములు రాసే హాలు. ఐదు మండలాల్లో ఏ ట్యాంకరు ఏ ఊరికి ఎప్పుడు పోవాలో వీళ్ల కంప్యూటర్లు జాబితా కట్టి డ్రైవర్ల ఫోన్లకు పంపుతాయి. పుల్లలచెరువు జాబితా ప్రతి శనివారం సాయంత్రం ఆరింటికి పోతుంది. మిగతా నాలుగు మండలాలవీ బుధవారం ఆరింటికి. పోయిన శనివారం జాబితాలో పద్నాలుగు ఊళ్లు లేవు. ఫోనులో లేని ఊరికి డ్రైవరు పోడు. ఆదివారం ఆఫీసులో ఫోను ఎత్తే దిక్కు లేదు. సోమవారమంతా తప్పు ఎవరిదని పోట్లాడుకోవడంతో సరిపోయింది. మంగళవారం మధ్యాహ్నం ట్యాంకరు వెళ్లింది, పోలయ్యను చాప మీద పడుకోబెట్టాక.

ఈ రోజు బుధవారం.

మెట్ల పైన గౌస్ మొహిద్దీన్, ఈ హాల్లోనే ప్రోగ్రాములు రాసే ఆయన కూతురు కమ్రున్నీసా నా కోసం కాచుకుని ఉన్నారు. నన్ను పిలిపించింది ఆయనే. పలకల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి. వేళ్ల గోళ్లలో ఇంకా ఆ బూడిదరంగు పోలేదు. తమను లోపలికి రానివ్వకుండా అరగంట నుంచి బయటే నిలబెట్టారని చెప్పాడు. లోపల ఉన్నది ఇద్దరేనట. ఆఫీసు నడిపే వెంకటసుబ్బయ్య ఒకడు. రెండోవాడు నరసింహం, కంప్యూటర్ నేరాలు పట్టుకుంటాడని పేరు మోసిన ప్రైవేటు డిటెక్టివ్. ఊరు కాకినాడ, మకాం హైదరాబాదు. రాష్ట్రం రెండై రెండేళ్లు కావస్తున్నా అతని కార్డు మీద హైదరాబాదు పక్కన ఇంకా ఆంధ్రప్రదేశ్ అనే ఉంది. ఆ ఊళ్లను చెరిపింది కమ్రున్నీసాయే అని పోలీసులకు రిపోర్టు రాసిచ్చింది అతనే.

తలుపు తోసి లోపలికి అడుగు పెట్టగానే నేను మొదట చూసింది మనుషులను కాదు, గుమ్మం పక్కన మేకుకు వేలాడుతున్న పలకను.

ఆ పలక సంగతి కమ్రున్నీసా నాకు నిన్ననే చెప్పింది. వీళ్లందరికీ కలిపి కంప్యూటర్లో ఒక పేజీ ఉంది. దాని పేరు కూడా పలకే. ఎవరైనా పనికొచ్చే కోడు ముక్క రాస్తే అందులో పెడతారు. పైన అదేమిటో ఒక్క వరసలో తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. మిగతావాళ్లు తీసుకుని వాడుకుంటారు. ప్రోగ్రాము కూడా తిన్నగా ఆ పేజీలోంచే తీసుకుని నడుస్తుంది. తాను నాలుగు రోజులు తలబద్దలు కొట్టుకుని కనుక్కున్నది పక్కవాడికి ఊరికే ఇచ్చేయడం, ఆ పద్ధతి నాకు నచ్చింది. పేజీ ఈ హాల్లో ఉన్న కంప్యూటర్లలో తప్ప ఇంకెక్కడా తెరుచుకోదు. ఇద్దరు ఒకేసారి దిద్దితే ఒకరిది చెరిగిపోతోందని ఈ నిజం పలక తగిలించారు. పేజీని ముట్టుకునేవాళ్లు ముందు దీని మీద బలపంతో పేరూ వారమూ టైమూ రాయాలి. బయటివాళ్లయితే పక్కన వెంకటసుబ్బయ్య పొడి అక్షరాలు కూడా ఉండాలి. వారానికోసారి సోమవారం పొద్దున తుడుస్తారు. ఈ సోమవారం గొడవలో హాలుకు తాళం పడింది, తుడిచినవాళ్లు లేరు.

కానీ పలక మీద ఒక్క అక్షరం లేదు. నల్లగా నిగనిగలాడుతోంది. చట్రం కింది కర్ర చెమ్మగా ఉంది. నేను చూస్తుండగానే అక్కడినుంచి ఒక చుక్క నేల మీద పడింది.

మే నెల. మార్కాపురం. తడి బట్ట కూడా అరగంటలో ఆరిపోతుంది. అంటే దీన్ని తుడిచి ఐదు నిమిషాలు కూడా కాలేదు. నా వెనకే వచ్చిన గౌస్ మొహిద్దీన్ కూడా దాన్ని చూశాడు, నన్ను చూశాడు. నేను ఫ్యాను స్విచ్చి వేసి, పలక ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాను. నరసింహం నా ఎదుట, పలకకు వీపు పెట్టి కూర్చున్నాడు. టైము మూడూ ఇరవై రెండు.

ముందు కమ్రున్నీసాను అడిగాను.

"శనివారం ఎన్నింటికి పోయినావు?"

"రెండుంబావుకక్కా. గిద్దలూరులో మా ఖాలా, అదే చిన్నమ్మ, కూతురి నిశ్చితార్థం. రెండున్నర బస్సెక్కినా."

"కంప్యూటరు ఆపి పోయినావా?"

ఆ పిల్ల తల దించుకుంది. "లేదక్కా. నా పేరు మీదే తెరిచి పెట్టి పోయినా. అందరం అట్లనే పోతాం. మన పేజీలో ఎవురికన్నా ఏదన్నా కావాల్సొస్తే చూసుకుంటారని."

పద్నాలుగు ఊళ్లను చెరిపిన రెండు వరసలు పేజీలోకి ఎక్కింది మూడూ పదికి. బస్సు టికెట్టు మీద అచ్చయిన టైము రెండూ ముప్పై నాలుగు. టికెట్టు తీసి బల్ల మీద పెట్టాను. నరసింహం దాన్ని వేలితో కూడా ముట్టుకోలేదు.

"టికెట్టు ఎవరైనా కొనుక్కోవచ్చండీ, ఎలీషబా గారూ. అందులో మనిషి పేరుంటుందా?" అన్నాడు. తర్వాత నాకు పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. కంప్యూటర్ నేరాల్లో టికెట్లూ సాక్షులూ పనికిరావట, రాసిన కోడే సాక్ష్యమట. పోలీసుస్టేషన్లో ఫైళ్లు మోసినవాళ్లకు ఇది కొత్తగా ఉంటుందని కూడా అన్నాడు. నాకు కోపం వస్తే ముందు చెవులు వేడెక్కుతాయి. వేడెక్కాయి. అయినా అతన్ని మాట్లాడనిచ్చాను. పలక ఆరాలి.

చివరికి తాను పట్టిన పెద్ద చేప అనుకున్నదాన్ని బయటికి తీశాడు. కమ్రున్నీసా శనివారం పొద్దున పేజీలో పెట్టిన కోడు ముక్క, దాని పైన ఆమె రాసిన వరస, కాగితం మీద అచ్చువేసి తెచ్చాడు. గట్టిగా చదివాడు.

"పుల్లలచెరువు పద్నాలుగు ఊళ్లు, మాపు. విన్నారుగా? మాపు అంటే ఏమిటండీ? రూపుమాపడం. చెరిపెయ్యమని తన చేత్తో తనే రాసుకుంది. ఇంతకంటే ఒప్పుకోలు ఇంకేం కావాలి?"

కమ్రున్నీసా నోరు తెరిచింది. నేను ఆగమని చెయ్యి చూపించాను. నేను చూస్తున్నది వెంకటసుబ్బయ్యను. తర్లుపాడులో పుట్టి, మార్కాపురంలో చదువుకుని, యాభై ఏళ్లొచ్చిన మనిషి. అతను పైకప్పు వైపు చూస్తున్నాడు. ఆ మాటకు అర్థం అతనికి తెలియదా? తెలుసు. తెలిసీ ఒక ఆడపిల్లను జైలుకు పంపడానికి నోరు కట్టేసుకుని కూర్చున్నాడు. నాకు లేచి అతని చొక్కా పట్టుకోవాలనిపించింది. పట్టుకోకుండా మెల్లగా అడిగాను.

"వెంకటసుబ్బయ్యన్నా, ఇంట్లో మాపటికి ఏం కూర?"

"ఏందమ్మా, ఇప్పుడా ప్రశ్న?"

"చెప్పన్నా. తెలుసుకుందామని."

"వంకాయ," అన్నాడు విసుగ్గా.

అన్న తర్వాత అర్థమైంది అతనికి. ముఖం పాలిపోయింది. నేను నరసింహం వైపు తిరిగాను.

"విన్నారు కదా సార్. మాపటికి వంకాయ కూర. వంకాయతో ఏం చెరుపుతారంటారు?"

మా వైపు మాపు అంటే సాయంత్రం. మాపటికి వస్తా అంటే సాయంత్రం వస్తానని. ఎండలు ముదిరి పొద్దుటి పూట బోర్లలో నీళ్లు అందడం లేదని ఆ పద్నాలుగు ఊళ్ల ట్యాంకర్లను పొద్దుటి నుంచి సాయంత్రానికి మార్చారు. కమ్రున్నీసా ముక్క చేసే పని అదొక్కటే. ఎనిమిది మందిలో ఎవరు చూసినా తెలిసిపోతుంది కాబట్టి ఒక్క మాట రాసి ఊరుకుంది. ఈ మాట తెలియనివాడు ఒకడొచ్చి తన పేజీ చదువుతాడని ఆ పిల్లకెలా తెలుస్తుంది?

నరసింహం సర్దుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. "సరే, సాయంత్రమే అనుకుందాం. కింద చెరిపే రెండు వరసలున్నాయిగా. అవి ఆవిడ పేరు మీదే ఉన్నాయి."

"ఉన్నాయి. ఆ రెండింటి పైన కూడా ఒక మాట ఉంది. మీ రిపోర్టులో అదెందుకు రాయలేదు?"

నా కాగితం నేను తీశాను. నిన్న ఈ హాల్లోనే పనిచేసే కమ్రున్నీసా స్నేహితురాలు పేజీలో ఆ భాగాన్ని ఫోటో తీసి పంపింది. చదివి వినిపించాను. "మాపమని రాసి మాపలేదు. మాపేశాను."

ఇది రాసినవాడికి మాపు అంటే చెరపడమే. ఇక్కడి ఎనిమిది మందీ మార్కాపురం, గిద్దలూరు, కంభం పిల్లలు. వాళ్లలో ఎవరు రాసినా తుడిచేసినా అని రాస్తారు. మాపేశాను అని చచ్చినా రాయరు. ఇది బయటి మనిషి చెయ్యి. ఆ సంగతే చెప్పి, వెంకటసుబ్బయ్యను సూటిగా అడిగాను.

"శనివారం మధ్యాహ్నం బయటోళ్లు ఎవురొచ్చినారన్నా?"

"ఎవురూ రాలేదు," అన్నాడు.

"మీరెప్పుడొచ్చారు నరసింహం గారూ?"

"నిన్న. ఈయన ఫోన్ చేస్తే హైదరాబాదు నుంచి బయల్దేరాను. అంతకు ముందు ఈ ఊరి మొహం చూళ్లేదు."

టైము మూడూ నలభై మూడు. నేను అతని ముఖం చూడటం మానేశాను. అతని తల మీదుగా వెనక గోడ వైపు చూస్తున్నాను. గౌస్ మొహిద్దీన్ కూడా అటే చూస్తున్నాడు. ఆయనే ముందు అన్నాడు.

"ఆరిందమ్మా."

పలకతో బడికి పోయిన ప్రతివాడికీ తెలిసిన సంగతే ఇది. గట్టి బలపంతో రాసి నాలుగు రోజులు ఉంచిన అక్షరం తడి చేత్తో తుడిస్తే పోదు. తడిగా ఉన్నంతసేపు కనబడదు. ఆరాక సన్నగా, బూడిదరంగులో మళ్లీ తేలుతుంది. పూర్తిగా పోవాలంటే బొగ్గూ ఆకూ కలిపి రుద్దాలి. కంగారులో చేసినవాడు తడి పలక నల్లగా కనబడగానే పనైపోయిందనుకుని మేకుకు తగిలిస్తాడు. ఇదిగో, వీళ్లలాగా.

పై వరసలో కమ్రున్నీసా పేరు, శనివారం పొద్దున పది. కింది వరస నేను గట్టిగా చదివాను. "నరసింహం, శనివారం, మూడూ ఐదు. పక్కన వె.సు."

నరసింహం వెనక్కి తిరిగాడు. కుర్చీ పడిపోయింది. ఏదీ చూడనివ్వండి అంటూ నా కంటే ముందు పలకను చేరి, మేకు మీంచి తీశాడు. చదువుతున్నట్టు పైకెత్తి, రెండు చేతులూ వదిలేశాడు. సిమెంటు నేల మీద పలక మూడు ముక్కలైంది.

"అయ్యో, జారిపోయిందండీ," అన్నాడు.

నాకిక కోపం దాచుకోవాల్సిన పని లేకపోయింది. అతని చెయ్యి పట్టి వెనక్కి విరిచి గోడకు నెట్టాను. పన్నెండేళ్లు మోసింది ఫైళ్లు మాత్రమే కాదని అప్పుడు తెలిసినట్టుంది అతనికి. గౌస్ మొహిద్దీన్ మోకాళ్ల మీద కూర్చుని మూడు ముక్కలూ ఏరి, అంచుకు అంచు చేర్చి నేల మీద పరిచాడు. పేరు పేరులా, టైము టైములా కలిసిపోయాయి.

"ముప్పై ఏండ్లు పలకలకు చట్రాలు బిగించినా సారూ," అన్నాడు తల ఎత్తకుండా. "మూడు ముక్కలు నాకో లెక్కా?"

వెంకటసుబ్బయ్య కూలబడ్డాడు. అడక్కుండానే చెప్పుకొచ్చాడు. ప్రోగ్రాము బాగుందో లేదో చూసిపెట్టమని శనివారం పిల్లలందరూ పోయాక తనే నరసింహాన్ని రప్పించాడట. అధికారులకు చెప్పకుండా ఆ పేజీ బయటి మనిషికి చూపించకూడదని ఒప్పందం ఉందట, బయటపడితే పనే పోతుందట. మంగళవారం పోలయ్య సంగతి తెలిశాక ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని, కంప్యూటరు ఎవరి పేరు మీద తెరిచి ఉందో ఆ పిల్ల మీదికి నెట్టారు. నేను వస్తున్నానని మధ్యాహ్నం తెలిశాకే పలక గుర్తొచ్చింది. తప్పు చేసినవాడే డిటెక్టివ్ కుర్చీలో కూర్చుని, తన తప్పుకు తనే దోషిని వెతికాడన్నమాట. ఎంత చక్కటి ఏర్పాటు. కమ్రున్నీసా వెంకటసుబ్బయ్య వైపు చూసింది. మూడేళ్లుగా అన్నా అని పిలిచిన మనిషి. తర్వాత చూపు తిప్పేసుకుంది. అదే నాకు ఎక్కువ మంట పుట్టించింది.

"నేనేం కావాలని చెయ్యలేదు," అన్నాడు నరసింహం గోడకు ముఖం ఆనించే. "చెరపమని రాసుంది, కోడేమో చెరపట్లేదు. తప్పు కనబడింది, దిద్దాను. ఎవరైనా అదే చేస్తారు."

"రాసిన పిల్లకు ఒక్క ఫోను చేసి అడగాలనిపించలేదా?"

"ఇరవై ఏళ్లుగా కోడు చదువుతున్నానండీ. ఒక పల్లెటూరి మాటకు అర్థం ఇంకొకరిని అడగాలా?"

అంకాలమ్మా, నీ ప్రశ్నకు జవాబు ఇదమ్మా. ఒక మాటకు అర్థం అడగడం ఒక పెద్దమనిషికి నామోషీ అయింది. అందుకే ట్యాంకరు రాలేదు. ఈ జవాబు పట్టుకుని ఆ ఊరికి ఏ ముఖంతో పోవాలో నాకు తెలియలేదు.

అప్పుడు తట్టింది నాకు. దిద్దాను అన్నాడు. తప్పు ఎక్కడ కనబడితే అక్కడ దిద్దే మనిషి.

"కమ్రున్నీసా, పేజీలో మాపు అని ఎన్నిచోట్ల రాసినావు?"

ఆ పిల్ల వేళ్ల మీద లెక్కపెట్టబోయి మధ్యలోనే ఆగిపోయింది. "ఐదు చోట్లక్కా. మండలానికొకటి."

నేను నరసింహం చెయ్యి ఇంకాస్త పైకి తిప్పాను. "ఐదూ దిద్దినావా?"

అతను తల ఊపాడు. వెంకటసుబ్బయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఈ సంగతి అతనికీ తెలియదని అతని ముఖమే చెప్పింది. చంద్రశేఖరపురంతో కలిపి నాలుగు మండలాలు, అరవై మూడు ఊళ్లు. ఈ సాయంత్రం ఆరింటికి ఆ జాబితాలు డ్రైవర్ల ఫోన్లకు పోతాయి. అవి పోయాక రేపటి నుంచి ఆ ఊళ్లు ఎవరి ఫోనులోనూ ఉండవు. ఇది తెలిసీ ఈ మనిషి ఇరవై నాలుగ్గంటలుగా నోరు మూసుకుని రిపోర్టు రాశాడు.

"ఆవిణ్ణి తీసుకెళ్లాక చూద్దామనుకున్నాను," అన్నాడు చివరికి, చాలా చిన్నగా.

ఒక్కోచోట ఒక్కోరకంగా చెరిపాడట. వెతికి పట్టుకోవడానికి తనకే గంట పడుతుందన్నాడు. అతన్ని మళ్లీ ఆ పేజీ ముట్టుకోనిచ్చే ప్రసక్తి లేదు. ఆ ముక్కలు రాసిన మనిషి ఒక్కతే విప్పగలదు. టైము మూడూ యాభై ఆరు. కింద గోదాము ముందు జీపు ఆగిన చప్పుడు వినబడింది. వారెంటు మీద ఉన్నది కమ్రున్నీసా పేరే. ఓబులయ్య చెప్పిన మాట తప్పని మనిషి, ముందు తీసుకుపోయి తర్వాత వింటాడు. స్టేషన్లో కూర్చుని ఇదంతా చెప్పేసరికి ఆరు దాటిపోతుంది.

"కూచో అమ్మా," అన్నాను. "చంద్రశేఖరపురంతో మొదలుపెట్టు."

ఆమె కంప్యూటరు దగ్గరికి పోలేదు. ముందు తండ్రి పక్కన వంగి, నేల మీద పడి ఉన్న బలపం తీసుకుంది. మూడు ముక్కల్లో పెద్దదాని మీద, నరసింహం పేరు కింద ఉన్న ఖాళీలో, తన పేరు రాసింది. గోడ గడియారం చూసి పక్కన బుధవారం, మూడూ యాభై ఏడు అని వేసింది. అప్పుడు పోయి కూర్చుంది.

మెట్ల మీద బూట్ల చప్పుడు. నేను నరసింహాన్ని గౌస్ మొహిద్దీన్‌కు అప్పజెప్పి, తలుపు దగ్గరకేసి, దానికి అడ్డంగా నిలబడ్డాను.